వాసన చూసే పని

"ఆయనెవరో వచ్చి అడిగితే, మావాడు మందు వాసన కూడా ఎరగడని చెప్పు. చెప్పేటప్పుడు మొహం అట్టా మాడ్చుకోకు" అంది మా అత్తయ్య, ఇంకో చాటెడు మిరపకాయలు నా ముందుకు తోస్తూ.

నేను తొడిమలు తీస్తున్నాను. రెండో శనివారం, బడికి సెలవు. ఏడాది కారానికి పక్కింటి కోటిరత్నం గారి కల్లంలోంచి తెచ్చుకున్న కాయలు పొద్దుటి నుంచి నేనొక్కదాన్నే ఒలుస్తున్నాను. వేళ్ళు భగభగా మండుతున్నాయి. ముక్కు కారినా, కన్ను చెమ్మగిల్లినా చెయ్యి పెట్టుకోవడానికి లేదు. అత్తయ్యకి చేతులు మండుతాయట, అందుకని ఆవిడ ముట్టుకోదు. నాకు అలవాటేనట. పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో నేను వింటున్న మాట ఇదే. మంటకి అలవాటు పడటం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మండేది ఎవరి చెయ్యైనా మండుతుంది. కాకపోతే కొందరి చేతుల గురించి ఎవరూ అడగరు, అంతే.

లోపల మా ఆయన ప్రసన్నకుమార్ గడ్డం గీసుకుంటూ ఇస్త్రీ చొక్కా ఎక్కడ పెట్టి చచ్చావని అరుస్తున్నాడు. అది ఆయన కళ్ళెదుటే మంచం మీద ఉంది. లేచి వెళ్ళి, మోచేత్తో తలుపు తోసి, గడ్డంతో చూపించి వచ్చాను.

ఇంతకీ ఈ హడావిడంతా ఎందుకంటే, మా ఆయనకి సముద్రం ఒడ్డున కొత్తగా పెట్టిన మిలటరీ వాళ్ళ కేంద్రంలో టెక్నీషియన్ ఉద్యోగం వచ్చింది. వచ్చింది అనకూడదు, వచ్చేట్టుంది. పరీక్ష అయింది, మెడికల్ అయింది, సెక్యూరిటీ క్లియరెన్స్ ఒక్కటే మిగిలింది. లోపల జరిగే పనులు బయటికి పొక్కకూడదు కాబట్టి, మనిషి నమ్మదగినవాడా కాదా అని ఊళ్ళోకొచ్చి ఆరా తీస్తారట. ఇంటర్వ్యూలో ఈయన్ని అడిగారట, తాగే అలవాటు ఇప్పుడు గానీ ఇంతకుముందు గానీ ఉందా అని. జన్మలో లేదని చెప్పి వచ్చాడు. నవ్వుతూ చెప్పాడు నాతో, అదేదో ఘనకార్యమైనట్టు.

నిన్న సాయంత్రం నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. నేను మూడో తరగతి పిల్లలకి ఎక్కాలు చెప్పే పద్ధతే. మీ ఆయన తాగుతాడా అని అడిగితే లేదనాలి. ఎప్పుడైనా తాగాడా అంటే లేదనాలి. నా మణికట్టు ఎందుకు వంకరగా ఉందంటే బాత్రూంలో జారిపడ్డాననాలి. నేను ఒకచోట తడబడ్డాను. "నా ఉద్యోగం నీ నోటి మీద వేలాడుతోంది. పెళ్ళయ్యాక ఈ ఒక్క పనైనా తిన్నగా చెయ్యవే" అన్నాడు.

ఒక్క పనైనా అట. ఆ మాట రాత్రంతా నా చెవిలో పడి దొర్లింది.

మా చర్చి సంఘంలో సాక్ష్యం చెప్పే ఆనవాయితీ ఒకటి ఉంది. దేవుడు తన జీవితంలో చేసిన మేలు మైకు ముందుకొచ్చి చెప్పుకోవాలి. మామూలు రోజుల్లో జ్వరం తగ్గిందనో, బర్రె దొరికిందనో చెప్పుకుంటారు. ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసాలు, శ్రమల దినాలు వచ్చాయంటే మాత్రం అసలు సాక్ష్యం మా ఆయనదే. మా పాస్టరు ఇమ్మానుయేలు అయ్యగారు పనిగట్టుకుని పిలుస్తారు. తెల్లచొక్కా వేసుకుని, గొంతు వణికిస్తూ మొదలుపెడతాడు. పర్చూరు బస్టాండులో పడిపోయిన రోజు, పొగాకు కంపెనీలో పని పోగొట్టుకున్న రోజు, మురుగుకాలవ పక్కన తెల్లారిన రోజు, అన్నీ వరసగా వస్తాయి. తల్లి కన్నీటి ప్రార్థన వస్తుంది. అయ్యగారి ఉపవాసం వస్తుంది. మధ్యలో ఎక్కడో ఒక చిన్న ముక్క, "నా భార్యని కూడా కొట్టాను ప్రియులారా" అంటాడు. సంఘమంతా హల్లెలూయ అంటుంది. నేను ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చుని ఉంటాను. పక్కనావిడ నా మోచెయ్యి పొడుస్తుంది, నువ్వూ అను అన్నట్టు. నేను దెబ్బలు తిన్నదానికి నేను హల్లెలూయ అనాలా? ఒక్కసారి కూడా అనలేదు. అందుకే నాకు గర్వమని సంఘంలో పేరు.

దేవుడి మీద నాకు కోపం లేదు. ఆయన చేసిన మేలుకి పేరు ఆయనకే రానివ్వండి. కానీ గుంటూరు ఆసుపత్రిలో ఈయన్ని పడేసుకుని కూర్చున్నది నేను. చేతులు మంచానికి కట్టేస్తే, పురుగులు పాకుతున్నాయని కేకలు పెడుతుంటే, దులుపుతున్నట్టు నటిస్తూ తెల్లవార్లూ దులిపింది నేను. ఇంటికొచ్చాక పొద్దున్నే మాత్ర నాలిక మీద పెట్టి, నీళ్ళు తాగించి, నోరు తెరవమని నాలిక కింద చూసింది నేను. సీసా దాచేవాడు ఎక్కడ దాస్తాడో తెలిసి బాత్రూం పైకప్పు మీద, బియ్యం డబ్బాలో, అటక మీద అత్తయ్య పాత పెట్టెలో వెతికింది నేను. ఆ పెట్టె తీశానని అత్తయ్య నన్ను దొంగముండ అంది. సీసా దొరికాక కూడా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

అన్నిటికంటే పెద్ద పని ఇంకోటి ఉంది. దానికి పేరు లేదు. సాయంత్రం బండి చప్పుడు వినపడగానే నేను ఏ పనిలో ఉన్నా లేచి గుమ్మంలోకి వెళ్తాను. చేతిలో సంచి అందుకుంటున్నట్టు దగ్గరికి వెళ్ళి, ఆయన ఊపిరి వదిలే దాకా ఆగి, వాసన చూస్తాను. సోంపు నమిలితే తెలుస్తుంది. ఉల్లిపాయ తింటే దాని వెనక ఏముందో తెలుస్తుంది. ఏమీ లేదని తేలాక నాకు ఊపిరి ఆడుతుంది. ఆయన మానేసి నాలుగేళ్ళయింది. నాలుగేళ్ళుగా ఒక్క సాయంత్రం తప్పలేదు. కడుపుతో ఉండి పోగొట్టుకున్నప్పుడు, మంచం మీదనుంచి లేవకూడదని డాక్టరమ్మ చెప్పినప్పుడు కూడా గోడ పట్టుకుని గుమ్మందాకా వెళ్ళాను. మా అత్తయ్య అది చూసి, మొగుడంటే ఎంత ప్రేమో అని వీధిలో చెప్పుకుంది.

మా అమ్మాయి స్తుతి చిన్నప్పుడు బొమ్మలాట ఆడుకునేది. చిన్న గిన్నెలో అన్నం వండి, మగబొమ్మని గుమ్మంలో నిలబెట్టి, దాని మూతి దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చేది. తర్వాతే అన్నం పెట్టేది. అది చూసిన రోజు నేను పెరట్లోకి వెళ్ళి కూర్చున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఎవరికి చెప్పను?

బడిలోనూ ఇదే. కట్టు కట్టుకుని వెళ్ళిన రోజుల్లో మా ప్రిన్సిపాల్ గదిలోకి పిలిచి, "మేడమ్, మీ ఇంటి గొడవలు మొహానికి పూసుకుని రాకండి, పేరెంట్స్ చూస్తారు" అన్నాడు. సరేనండి అన్నాను. ఎండాకాలం అడ్మిషన్ల కోసం మమ్మల్ని ఇల్లిల్లూ తిప్పుతాడు, దానికి జీతం ఉండదు. అయినా నాకు ఆ బడి ఇష్టం. క్లాసులోకి వెళ్ళగానే నలభైమంది పిల్లలు నా మొహం చూస్తారు. అక్కడ నేను ఎవరి నోరూ వాసన చూడక్కర్లేదు.

పిల్ల నోరు జారుతుందని ఈరోజు పొద్దున్నే స్తుతిని కోటిరత్నం గారింటికి తోలేశారు. తొమ్మిదేళ్ళ పిల్లకి అబద్ధం నేర్పడం కష్టమట. నాకు నేర్పడం తేలికట.

పదిన్నరకి వచ్చాడు ఆఫీసర్. ఇమాం హుస్సేన్ గారని పరిచయం చేసుకున్నాడు. యాభై దాటిన మనిషి, మామూలు చొక్కా, చేతిలో చిన్న సంచి. వరండాలో కుర్చీ వేశాం. మా ఆయన పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, బైబిలు చదువుకునే పిల్లాడిలా. అత్తయ్య స్తంభానికి ఆనుకుని కూర్చుంది. నేను చాట పక్కకి జరిపి టీ తెచ్చాను.

"వద్దమ్మా, ఉపవాసంలో ఉన్నాను" అన్నాడాయన.

అప్పుడు గుర్తొచ్చింది, రంజాన్ నెల. మంచినీళ్ళు కూడా ముట్టుకోడు. మా అత్తయ్య మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. ఉపవాసం ఉండే మనిషి కనబడితే ఆవిడకి ప్రాణం. మాకూ శ్రమల దినాలే బాబూ అంది. తానూ శుక్రవారం శుక్రవారం పచ్చి మంచినీళ్ళు ముట్టనని చెప్పింది. ఆ మనిషి మర్యాదకి అడిగాడు, ఏమన్నా మొక్కుందా పెద్దమ్మా అని.

అంతే. పొద్దుటి నుంచి నాకు నూరిపోసిన ఆవిడ, చెంగు తల మీదికి లాక్కుని, రెండు చేతులూ పైకెత్తి మొదలుపెట్టింది. "ఉందయ్యా. ఈ నా కొడుకు తాగి తాగి చావు అంచుదాకా వెళ్ళాడు. కాలవల్లో దొర్లాడు. నా ఉపవాసం, నా కన్నీళ్ళు దేవుడు చూశాడు. ఊబిలోంచి లాగినట్టు లాగాడు. నాలుగేళ్ళయింది, చుక్క ముట్టలేదు. దేవునికి స్తోత్రం!"

మా ఆయన మొహం గోడకి కొట్టిన సున్నంలా అయిపోయింది. అమ్మా అన్నాడు. ఆవిడకి వినబడలేదు. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. ఏళ్ళ తరబడి మైకులో, ఇళ్ళల్లో, బావి దగ్గర చెప్పుకుని చెప్పుకుని ఆ నోటికి ఇంకో దారి తెలీదు. కళ్ళు తెరిచి కొడుకుని చూశాక గానీ ఏం చేసిందో తెలిసిరాలేదు. నాకు నవ్వొచ్చింది. మిరప ఘాటుకి దగ్గొచ్చినట్టు తల తిప్పుకున్నాను.

ఇమాం హుస్సేన్ గారు కోప్పడలేదు. టీకొట్టు దగ్గర నలుగుర్ని అడిగితే నలుగురూ మందు వాసనే ఎరగడని ఒకే మాట, ఒకే వరసలో చెప్పారనీ, అప్పుడే అనుమానం వచ్చిందనీ అన్నాడు. తర్వాత మా ఆయనకి నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. ఒకప్పుడు తాగినంత మాత్రాన తలుపులు మూసెయ్యరట. వైద్యం చేయించుకున్నాడా, మానేసి ఎన్నేళ్ళు నిలబడ్డాడు, ఇప్పుడెలా ఉన్నాడు, అవన్నీ చూస్తారట.

"చిక్కంతా దాచినవాళ్ళతోనే వస్తుంది బాబూ. ఇవాళ మీరు ఇది దాచారు. రేపెవడో వచ్చి, నీ సంగతి బయటపెడతాను, లోపలి కబురొకటి చెప్పు అంటే ఏం చేస్తారు? తాగుడు కంటే ఆ దాపరికానికే పైవాళ్ళు భయపడతారు" అన్నాడు.

ఇంటర్వ్యూలో అబద్ధం చెప్పడం పొరపాటేనన్నాడు. ఇప్పుడైనా ఉన్నదున్నట్టు చెబితే, తానుగా సరిదిద్దుకున్నాడని కూడా రాస్తానన్నాడు. నిర్ణయం తన చేతిలో లేదనీ, విన్నది రాసి పంపడమే తన పని అనీ, ఆసుపత్రి కాగితాలకి తోడు ఇంట్లో వాళ్ళ మాటకి, అందులోనూ భార్య మాటకి విలువ ఎక్కువనీ చెప్పాడు.

ఆ ముక్క వినడం ఆలస్యం, తల్లీ కొడుకూ ఇద్దరూ నా వైపు తిరిగారు. మా ఆయన కళ్ళల్లో ఎప్పుడూ లేని ఆప్యాయత. చెప్పు క్రిస్టీనా, జరిగిందంతా చెప్పు, నువ్వే కదా దగ్గరుండి చూసింది అన్నాడు. దానికి తెలియందేముంది బాబూ, ఆసుపత్రిలో అదే కదా ఉంది అంది అత్తయ్య. పొద్దున అబద్ధం చెప్పమని మెడలు వంచినవాళ్ళే గంట తిరక్కుండా నిజం చెప్పమంటున్నారు. పదకొండేళ్ళలో మొదటిసారి ఈ ఇంట్లో నేను చేసింది పనిగా లెక్కకొచ్చింది. అదీ వాళ్ళకి అవసరం పడ్డాక. నాకు ఒళ్ళు మండిపోయింది. చేతుల మంట దాని ముందు ఏపాటిది?

చెప్పాను. ఏదీ దాచలేదు, ఏదీ కలపలేదు. ఎప్పుడు మొదలుపెట్టాడు, ఏం పోగొట్టుకున్నాడు, ఏ వార్డులో పడుకున్నాడు. తాగొచ్చి నా మణికట్టు విరిచిన సంగతి ఆఫీసర్ అడక్కముందే చెప్పాను. గుంటూరులో డాక్టరుకి బాత్రూంలో జారిపడ్డానని చెప్పింది అబద్ధమనీ, ఆరోజు వెనకాల నిలబడి నా చేత చెప్పించింది మా అత్తయ్యేననీ చెప్పాను. అత్తయ్య నేల వైపు చూసింది. మానేశాక ఒక్కసారి కూడా తాగలేదనీ చెప్పాను. అది నిజం కాబట్టి. ఆ నిజం నాకెలా తెలుసో కూడా, సాయంత్రం గుమ్మంలో నిలబడే సంగతి కూడా చెప్పాను. ఇమాం హుస్సేన్ గారు రాయడం ఆపి నా వైపు చూశాడు. రోజూనా అమ్మా అన్నాడు. రోజూనండి అన్నాను. మా ఆయన ఎప్పుడూ వినని సంగతి విన్నట్టు నోరు తెరిచాడు. సంచి అందుకోవడానికి వస్తున్నాననుకున్నాడేమో ఇన్నాళ్ళూ.

"మంచిదమ్మా. పైవాళ్ళు అడిగేది ఇదే. ఇకముందు కూడా మీరు దగ్గరుండి చూసుకుంటారా? ఒకవేళ మళ్ళీ మొదలుపెడితే మాకు కబురు చేస్తారా? మీరు సరేనంటే ఆ మాట కూడా రాస్తాను. అది ఈయనకి చాలా పనికొస్తుంది" అన్నాడు.

నేను నోరు విప్పకముందే మా ఆయన అందుకున్నాడు. "ఆ బెంగేం లేదు సార్. ఈమె వచ్చే నెల బడి మానేస్తోంది. క్వార్టర్స్‌కి వచ్చేస్తుంది. ఇరవై నాలుగ్గంటలూ నన్ను కనిపెట్టుకునే ఉంటుంది."

బడి మానేస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది. అత్తయ్యకి ముందే తెలుసు, తల ఊపుతోంది. ఇద్దరూ కూర్చుని ఎప్పుడు అనుకున్నారో మరి. నేను వంటింట్లో ఉన్నప్పుడై ఉంటుంది. నా నలభైమంది పిల్లల్ని, నా రెండో శనివారాన్ని, నాకంటూ ఉన్న ఒక్క చోటుని నాకు చెప్పకుండా మడిచి ఆయన పెట్టెలో సర్దేశారు. ఆ క్వార్టర్స్ నాకు కళ్ళకి కట్టింది. కొత్త గుమ్మం, కొత్త వంటిల్లు, అదే బండి చప్పుడు. ఇంతకాలం ఈ కాపలా ఇంట్లోవాళ్ళ కోసం అనుకున్నాను. ఇక ప్రభుత్వం కోసం కూడా కాయాలి. గేటు దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడేవాడికి జీతమిస్తారు. ఈయన నోటి దగ్గర ముక్కు పెట్టుకుని నిలబడేదానికి ఏమిస్తారు? మూడో వరసలో చోటిస్తారు. పక్కన స్తుతి కూర్చుని నేర్చుకుంటుంది.

"చూసుకోనండి" అన్నాను.

ఏమే అన్నాడు మా ఆయన, గొంతు తగ్గించి. ఆ గొంతు నాకు బాగా తెలుసు. బయటివాళ్ళు వెళ్ళాక నీ పని చెబుతాననే గొంతది. అది విని కూడా చెప్పాను.

"నిన్న సాయంత్రం దాకా ఈయన తాగలేదు. అది బైబిలు మీద చెయ్యేసి చెబుతాను, రాసుకోండి. రేపు తాగడని నేను చెప్పను. ఆ మాట ఆయన చెప్పాలి. నేను బడి మానడం లేదు, క్వార్టర్స్‌కి రావడం లేదు. నాకు తెలియకుండా నన్ను జామీను పెట్టారు. నేను దానికి ఒప్పుకోవడం లేదని కూడా రాయండి."

ఇమాం హుస్సేన్ గారు కాగితం తిప్పాడు. తర్వాత రాశాడు. నేను చెప్పిందంతా రాశాడు, నాకు చదివి వినిపించాడు కూడా. అప్పుడు మా ఆయన వైపు తిరిగి, మీరేమంటారు బాబూ, ఇకముందు సంగతి అని అడిగాడు. మా ఆయన నోరు తెరిచి, నా వైపు చూశాడు. మాత్ర వేసుకున్నాక నాలిక చూపించడానికి అలాగే చూసేవాడు.

"ఆమె వైపు కాదు. ఇటు చూసి చెప్పండి" అన్నాడు ఆఫీసర్.

అటు తిరిగి ఏదో గొణిగాడు. తాగనన్నాడు. మైకు ముందు గంటసేపు మాట్లాడగలిగే మనిషికి ఆ ఒక్క మాటకి చెమటలు పట్టాయి. ఆఫీసర్ అదీ రాసుకుని, అత్తయ్యకి నమస్కారం పెట్టి, సంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అన్నవన్నీ అన్నారు. కాపురం కూలదోసుకున్నావంది అత్తయ్య. నోటికాడ కూడు తన్నేశావంది. నీకు గర్వమని సంఘమంతా ఊరికే అనలేదంది. మా ఆయన చెయ్యి ఎత్తాడు. నేను లేవలేదు, తల పక్కకి తిప్పుకోలేదు. మళ్ళీ చెయ్యి చేసుకుంటే ఈసారి బాత్రూంలో జారిపడను, ఆ ఆఫీసర్‌కే నేరుగా చెబుతానన్నాను. ఎత్తిన చేత్తో ఏం చెయ్యాలో తెలియక జుట్టు సవరించుకున్నాడు. బండి తీసుకుని ఎటో వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం స్తుతి వచ్చింది. అన్నం పెట్టాను. తొడిమలు ఇంకా సగం మిగిలే ఉన్నాయి. చాట ముందేసుకుని కూర్చున్నాను. అత్తయ్య నాతో మాట్లాడకుండా స్తంభం దగ్గరే ఉంది, వీధి చివరికి చూస్తూ.

పొద్దు వాలాక బండి చప్పుడు వినబడింది. నా కాళ్ళు వాటంతట అవే కదిలాయి. అబద్ధమెందుకు, సగం లేచాను కూడా. స్తుతి నన్నే చూస్తోంది. మళ్ళీ కూర్చున్నాను.

అత్తయ్య కంగారుగా ఇటు తిరిగింది. ఇన్నేళ్ళలో ఆ పని పేరు ఎప్పుడూ ఎత్తని మనిషి, మొదటిసారి ఎత్తింది.

"పోవే, పోయి వాసన చూడు."

"మీ అబ్బాయే కదా అత్తయ్యా. మీరు చూడండి" అన్నాను.

ఆవిడ మోకాళ్ళు పట్టుకుని లేచి, గోడ పట్టుకుని గుమ్మం వైపు నడిచింది. నేను మిరపకాయ తీసుకుని తొడిమ తుంచాను. స్తుతిని అటు చూడొద్దు, ఎక్కాలు అప్పజెప్పు అన్నాను. మొదలుపెట్టింది. ఆ సాయంత్రం నా ముక్కుకి మిరప ఘాటు తప్ప ఇంకేమీ తెలియలేదు.